‘ఏం లేదురా, బానే ఉంది!’ - ఫ్లూ టీకా తర్వాత పెద్దలు దాచే నొప్పి

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో మన ఇళ్లలో రెండు హడావుడులు మొదలవుతాయి. ఒకటి దసరా, దీపావళి ఏర్పాట్లు. రెండోది ‘ఫ్లూ షాట్ తీసుకున్నారా?’ అన్న పలకరింపు. సామాన్ల కోసం కాస్ట్‌కోకి వెళ్లినా, మందుల కోసం వాల్‌గ్రీన్స్‌కి వెళ్లినా ఎదురుగా ఆ బోర్డే కనిపిస్తుంది. మనమూ పిల్లలూ చొక్కా చెయ్యి పైకి మడిచి పావుగంటలో పని ముగించుకుని వచ్చేస్తాం. చిక్కంతా ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల దగ్గరే.

‘పోయినేడాది వేయించుకుంటే రెండు రోజులు ఒళ్లంతా నొప్పులు. జ్వరం కూడా తగిలింది. లేని రోగాన్ని డబ్బులిచ్చి కొనితెచ్చుకోవడం ఎందుకురా?’ అని నాన్నగారు. ‘షుగరుంది, బీపీ ఉంది, పూటకో గుప్పెడు మాత్రలు మింగుతున్నాను. పైన ఈ సూది కూడానా?’ అని అత్తయ్యగారు. డల్లాస్‌లోనైనా, ఎడిసన్‌లోనైనా, ఫ్రీమాంట్‌లోనైనా ఈ మాటలు వినని తెలుగిల్లు తక్కువే. వీటిని ఛాదస్తమని కొట్టిపారేయడం మాకు ఇష్టం లేదు. నొప్పి వాళ్లది, జ్వరం వాళ్లది. అడగాల్సిన ప్రశ్నే అడుగుతున్నారు. దానికి జవాబు కూడా ఉన్నదున్నట్టు, లెక్కలతో సహా చెప్పాలి.

చెయ్యి ఎందుకు నొప్పి పెడుతుంది?

ముందు ఒక భయం తీరిపోవాలి. పెద్దవాళ్లకు ఇచ్చే ఫ్లూ సూదిలో బతికున్న వైరస్ ఉండదు. వైరస్‌ను చంపి, ముక్కలు చేసి, అందులోంచి కావలసిన ప్రొటీన్లను వాడతారు. ఒక రకం టీకాలో అయితే వైరస్‌తో పనే లేదు, ఆ ప్రొటీన్‌ను ప్రయోగశాలలో విడిగా తయారు చేస్తారు. కాబట్టి సూది వల్ల ఫ్లూ రాదు. ముక్కులో కొట్టే స్ప్రే టీకాలో మాత్రం బలహీనపరిచిన వైరస్ ఉంటుంది. దాన్ని 2 నుంచి 49 ఏళ్ల మధ్యవారికే ఇస్తారు. మన పెద్దలకు దానితో సంబంధం లేదు.

మరి నొప్పులు, వెచ్చదనం ఎందుకు? కొత్త ప్రొటీన్ ఒంట్లోకి రాగానే రోగనిరోధక వ్యవస్థ మేలుకుంటుంది. సూది పడిన చోటికి రక్తకణాలు చేరతాయి. అక్కడ కాస్త వాపు, ఎరుపు, నొప్పి వస్తాయి. ఆ సమయంలో విడుదలయ్యే రసాయనాలు రక్తంలో కలిసి ఒళ్లు నొప్పులు, నీరసం, తలనొప్పి, కొద్దిపాటి జ్వరం తెస్తాయి. సాధారణంగా ఇవి మొదటి రోజో రెండో రోజో మొదలై, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతాయి. ఏమీ రాకపోయినా కంగారు పడక్కర్లేదు. నొప్పి రాలేదంటే టీకా పని చేయలేదని కాదు. నిజానికి వయసు పెరిగేకొద్దీ రోగనిరోధక వ్యవస్థ స్పందన మందగిస్తుంది. మామూలు టీకాకి కుర్రాళ్లకు వచ్చినంత నొప్పి పెద్దలకు రాకపోవచ్చు.

పెద్దల టీకా డోసు వేరు

సరిగ్గా ఆ మందకొడితనం వల్లే 65 దాటినవారికి వేరే టీకాలు వచ్చాయి. 2009 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూజోన్ హైడోస్‌లో మామూలు టీకా కన్నా నాలుగు రెట్లు ప్రొటీన్ ఉంటుంది. ఒక్కో రకం వైరస్‌కి 15 మైక్రోగ్రాములు ఉండాల్సిన చోట 60 ఉంటుంది. ఫ్లూబ్లాక్‌లో ఇది 45. మూడోది ఫ్లూయాడ్. ఇందులో ప్రొటీన్ మామూలుగానే ఉన్నా, స్పందన పెంచే నూనె లాంటి పదార్థం కలుపుతారు. 65 దాటినవారికి ఈ మూడింటిలో ఏదో ఒకటి ఇవ్వడం మేలని అమెరికా టీకా సలహా సంఘం 2022 జూన్‌లో సిఫార్సు చేసింది.

మోతాదు పెరిగితే నొప్పీ కాస్త పెరుగుతుంది. ఎంత పెరుగుతుంది? అనుమతికి ముందు 65 దాటిన సుమారు 3,800 మంది మీద హైడోస్‌నూ, మామూలు టీకానూ పోల్చి చూశారు. సూది పడిన చోట నొప్పి అన్నవాళ్లు హైడోస్‌లో నూటికి 36 మంది, మామూలు టీకాలో 24 మంది. కండరాల నొప్పులు 21 మందికి, 18 మందికి. నలతగా ఉందన్నవాళ్లు 18, 14. తలనొప్పి 17, 14. ఇక 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన జ్వరం వచ్చినవాళ్లు హైడోస్‌లో నూటికి నలుగురు కూడా లేరు. మామూలు టీకాలో ఇద్దరు, ముగ్గురు. అంటే మీ నాన్నగారి చెయ్యి నొప్పి పెట్టిందంటే వింతేమీ కాదు, మూడో వంతు మందికి వచ్చేదే. జ్వరం మాత్రం అంత మామూలు కాదు. వచ్చిందంటే దాన్ని ఓ కంట కనిపెట్టాలి.

ఈ అదనపు నొప్పికి ప్రతిఫలం ఉందా? అమెరికా, కెనడాల్లో సుమారు 32 వేల మంది పెద్దలపై జరిగి 2014లో ప్రచురితమైన పరిశోధనలో, పరీక్షలో తేలిన ఫ్లూ కేసులను మామూలు టీకా కన్నా హైడోస్ 24 శాతం అదనంగా ఆపింది. అయితే ఇంకో సంగతీ చెప్పాలి. డెన్మార్క్‌లో 3 లక్షల 30 వేల మందికి పైగా పెద్దల మీద జరిపిన పరిశోధన 2025లో వెలువడింది. ఫ్లూ, న్యుమోనియా రెండూ కలిపి ఆస్పత్రి పాలైనవారి లెక్క తీస్తే రెండు టీకాల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కనుక హైడోస్ దొరికితే మంచిదే. దొరకలేదని, ఖరీదు ఎక్కువని అసలు టీకానే మానేయడం మాత్రం తగదు. సలహా సంఘం చెప్పేదీ అదే. ఆ మూడూ అందుబాటులో లేకపోతే వయసుకు తగిన ఏ ఫ్లూ టీకా అయినా వేయించుకోవచ్చు.

కాకి వాలింది, తాటిపండు రాలింది

‘సూది వేసిన వారానికే జలుబు, దగ్గు పట్టుకున్నాయి. మీరేమో టీకాకి సంబంధం లేదంటారు!’ ఇది రెండో ఫిర్యాదు. దీనికి మన పెద్దలకు తెలిసిన మాటే ఉంది: కాకతాళీయం. కాకి వాలగానే తాటిపండు రాలిందని, కాకి బరువుకే రాలిందనుకుంటే ఎలా?

నెదర్లాండ్స్ వైద్యులు ఈ సంగతి తేల్చడానికి 60 దాటిన 1,800 మందికి పైగా పెద్దలను తీసుకుని, సగం మందికి ఫ్లూ టీకా, సగం మందికి మందు లేని ఉత్తుత్తి సూది వేశారు. ఎవరికి ఏది వేశారో వేసినవాళ్లకూ తెలియదు, వేయించుకున్నవాళ్లకూ తెలియదు. 1993లో ఫలితాలు వచ్చాయి. సూది పడిన చోట నొప్పి, వాపు టీకా వేసినవారిలో నూటికి 17 మందికి పైగా, ఉత్తుత్తి సూది వేసినవారిలో ఏడుగురికి వచ్చాయి. ఇక్కడ తేడా స్పష్టం. కానీ జ్వరం, తలనొప్పి, నలత లాంటి ఒంటి బాధలు? టీకా వేసినవారిలో నూటికి 11 మంది, ఉత్తుత్తి సూది వాళ్లలో 9 మంది పైచిలుకు! అంటే ఆ వయసులో ఏ సూదీ వేయకపోయినా ఏదో ఒక నలత ఉండనే ఉంటుంది. సూది పడ్డాక వస్తే దాని పేరు టీకా అవుతుంది.

పైగా మనం టీకా వేయించేది ఏ కాలంలో? పిల్లలు డేకేర్ నుంచి రోజుకో జలుబు మోసుకొచ్చే కాలంలో. మనవడిని ఎత్తుకునే తాతయ్యకు అది అంటకుండా ఉంటుందా? ఫ్లూ టీకా ఆపేది ఫ్లూనే, మామూలు జలుబుల్ని కాదు. ఆ ఫ్లూకైనా రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ లోపు ఫ్లూ తగిలితే రావచ్చు. నేరం మాత్రం టీకా మీద పడుతుంది.

అరుదైనవి, కానీ నిజమైనవి

ఇంతవరకు చెప్పినవి చిన్న బాధలు. టీకాకి పెద్ద ప్రమాదాలే లేవని చెబితే అది అబద్ధం అవుతుంది. ఉన్నాయి. అవి ఎంత అరుదో, ఎలా గుర్తించాలో తెలియాలి.

మొదటిది తీవ్రమైన అలర్జీ. పది లక్షల డోసులకు ఒకటి రెండు. సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి కొద్ది గంటల లోపే బయటపడుతుంది. ఒళ్లంతా దద్దుర్లు, ముఖం, గొంతు వాపు, ఊపిరి అందకపోవడం దీని లక్షణాలు. అందుకే సూది వేశాక పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోవాలి. ‘పార్కింగ్‌లో కారు ఉంది, పదండి’ అని లాక్కురావద్దు. గుడ్డు పడనివారు కూడా ఏ ఫ్లూ టీకా అయినా వేయించుకోవచ్చని, దానికోసం ప్రత్యేక జాగ్రత్తలు అక్కర్లేదని 2023 నుంచి అమెరికా సలహా సంఘం చెబుతోంది. గతంలో ఫ్లూ టీకాకే తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే మాత్రం డాక్టరును అడగకుండా ముందుకు వెళ్లకూడదు.

రెండోది గిలాన్ బారే సిండ్రోమ్. రోగనిరోధక వ్యవస్థ పొరపాటున సొంత నరాలమీదే దాడి చేసే జబ్బు. కాళ్లలో తిమ్మిరి, బలహీనతతో మొదలై పైకి పాకుతుంది. ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. 1976లో న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో ఒక స్వైన్‌ఫ్లూ బయటపడితే, అమెరికా ప్రభుత్వం హడావుడిగా దేశమంతటా టీకాలు మొదలుపెట్టింది. దాదాపు నాలుగున్నర కోట్ల మందికి వేశారు. లక్ష మందికి ఒకరు చొప్పున ఈ జబ్బు అదనంగా కనిపించింది. డిసెంబరులో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ తర్వాతి ఏటేటా టీకాల మీద నిఘా పెట్టి చూస్తే, పెరుగుదల అంటూ ఉంటే అది పది లక్షల మందికి ఒకటి రెండు కేసులే. ఇదే జబ్బు ఫ్లూ వచ్చినా రావచ్చు, టీకా కన్నా ఫ్లూతోనే ఆ అవకాశం ఎక్కువ. గతంలో ఈ జబ్బు వచ్చినవారు, ముఖ్యంగా టీకా వేసిన ఆరు వారాల లోపు వచ్చినవారు, తప్పకుండా ముందే చెప్పాలి.

మూడోది సూది తప్పు చోట పడటం. భుజం కండరంలోకి వెళ్లాల్సిన సూది మరీ పైకి పడి కీలు దగ్గర గుచ్చుకుంటే, నెలల తరబడి చెయ్యి పైకి లేవదు. ఇది మందు తప్పు కాదు, వేసే తీరులో తప్పు. కాబట్టి మన చేతిలో ఉన్న జాగ్రత్త కూడా ఇదే. చొక్కా కాలరు పక్కకి లాగి భుజం మీద వేయించుకోవద్దు. చెయ్యి పూర్తిగా కనపడాలి. బిగుతు చేతుల జాకెట్టు వేసుకుని వెళితే అమ్మకు ఇబ్బంది. ఆ రోజుకి వదులు చేతులున్నది వేసుకోమనండి.

అటు తక్కెడలో ఏముంది?

ఇటువైపు నొప్పి, జ్వరం, అరుదైన ప్రమాదాలు పెట్టాం. అటువైపు ఫ్లూని పెట్టాలి. అమెరికాలో ఇటీవలి ఏళ్లలో ఫ్లూ మరణాల్లో 70 నుంచి 85 శాతం 65 దాటినవారివే. ఆస్పత్రి పాలైనవారిలో కూడా 50 నుంచి 70 శాతం వాళ్లే. మన పెద్దల్లో గుండె జబ్బులు, మధుమేహం ఉన్నవాళ్లు ఎందరో మనకు తెలుసు. కెనడాలోని ఒంటారియోలో జరిగిన పరిశోధన 2018లో వెలువడింది. ఫ్లూ అని పరీక్షలో తేలిన మొదటి వారం రోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజులకన్నా ఆరు రెట్లు ఉందని చెప్పింది. దగ్గు, జ్వరంతో మొదలైంది గుండె దాకా పోవచ్చన్నమాట.

హైదరాబాద్ నుంచి వచ్చినవారికి ఈ వైరస్ కొత్తేమీ కాదు. 2009 మేలో భారత్‌లో తొలి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది అక్కడే, అదీ అమెరికా నుంచి వెళ్లిన యువకుడిలో. ఆ హెచ్‌1ఎన్‌1 ఎక్కడికీ పోలేదు. ఏటేటా వచ్చే ఫ్లూలో కలిసిపోయింది. ఇప్పటి టీకాలో దానికీ వాటా ఉంది. అయినా మన దేశంలో పెద్దవాళ్లకు ఫ్లూ టీకా అలవాటు చాలా తక్కువ. 2017-18లో 45 దాటినవారిపై జరిగిన జాతీయ సర్వేలో ఫ్లూ టీకా వేయించుకున్నామన్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు. కాబట్టి ఇక్కడికి వచ్చాక వేసే సూదే చాలామందికి జీవితంలో మొదటి ఫ్లూ టీకా. భయం సహజం.

టీకా వేస్తే ఫ్లూ రానే రాదా? అలా చెప్పకండి. ఆ ఏడు తిరిగే వైరస్‌కి టీకా బాగా సరిపోయినప్పుడు జబ్బు ముప్పు 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. పెద్దల్లో, కొన్ని సీజన్లలో అంతకన్నా తక్కువే ఉండొచ్చు. వచ్చినా ఆస్పత్రి దాకా పోకుండా కాపాడే అవకాశం ఉంటుంది. ‘అసలు రాదు’ అని మాట ఇచ్చి వేయిస్తే, వచ్చిననాడు టీకా మీదే కాదు, మన మాట మీద కూడా నమ్మకం పోతుంది.

అసలు సమస్య నొప్పి కాదు, మౌనం

ఇన్ని లెక్కలు చూశాక మాకు అనిపించేది ఒకటే. మన ఇళ్లలో టీకా నొప్పి కన్నా పెద్ద ప్రమాదం, ఆ నొప్పిని చెప్పకపోవడం.

ఊళ్లో ఉన్నప్పుడు నాన్నకు నలతగా ఉంటే వీధి చివరి డాక్టరు దగ్గరికి తనే నడిచి వెళతారు. అమ్మ పక్కింటావిడతో చెప్పుకుంటుంది. ఇక్కడ ఆ వీధీ లేదు, ఆ పక్కింటావిడా లేదు. కారు నడపలేరు. ఎమర్జెన్సీకి వెళితే వేల డాలర్ల బిల్లు వస్తుందని ఎవరో చెప్పగా విన్నారు. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులు కవర్ కావని మనమే వాళ్ల ముందు ఫోన్లో మాట్లాడాం. అబ్బాయికి సోమవారం మీటింగు, కోడలికి డెడ్‌లైను. అందుకే ‘ఎలా ఉంది నాన్నా?’ అంటే ‘ఏం లేదురా, బానే ఉంది’ అంటారు. రాత్రి చలితో వణికినా పొద్దున్నే లేచి మనవరాలిని స్కూల్ బస్సు దాకా దిగబెడతారు. చెయ్యి పైకి లేవకపోయినా అమ్మ కుక్కరు దించుతూనే ఉంటుంది. మరుసటేడు మాత్రం ‘నాకా సూది వద్దు’ అంటుంది. కారణం అప్పుడు బయటపడుతుంది.

మామూలు నొప్పి అయితే ఈ మౌనం వల్ల పోయేదేమీ లేదు, రెండు రోజుల్లో తగ్గుతుంది. కానీ దాచే అలవాటుకి చిన్న నొప్పీ పెద్ద నొప్పీ తేడా తెలియదు. కాళ్లు తిమ్మిరెక్కినా, ఛాతీ బరువెక్కినా అదే ‘బానే ఉంది’. అప్పుడు గోటితో పోయేది గొడ్డలిదాకా వస్తుంది. కాబట్టి ‘ఎలా ఉంది?’ అని అడిగి ఊరుకోకండి. ‘చెయ్యి పైకెత్తు అమ్మా, చూద్దాం’, ‘రాత్రి నిద్ర పట్టిందా?’, ‘ఇవాళ ఎన్ని ముద్దలు తిన్నావు నాన్నా?’ అని అడగండి. థర్మామీటరు పెట్టి చూడండి. ముందే చెప్పి ఉంచండి: ‘నొప్పి వస్తుంది, వస్తే చెప్పాలి. చెబితే ఖర్చు కాదు, చెప్పకపోతేనే ఖర్చు.’

వారాంతంలో వేయించండి

నెల విషయంలో సెప్టెంబరు, అక్టోబరు మంచివి. జులై, ఆగస్టుల్లో తొందరపడితే పెద్దల్లో చలికాలం చివరికి రక్షణ పలచబడొచ్చు. ఆలస్యమైందని మానేయక్కర్లేదు, ఫ్లూ తిరుగుతున్నంత కాలం వేయించుకోవచ్చు. రోజు విషయంలో శుక్రవారం సాయంత్రమో, శనివారం పొద్దున్నో పెట్టుకుంటే ఆ తర్వాతి రెండు రోజులూ మనం ఇంట్లో ఉంటాం. మర్నాడే నయాగరా ప్రయాణమో, విమానమో పెట్టుకోవద్దు. కుడిచేతి వాటం ఉన్నవారికి ఎడమచేతికి వేయించండి. చంటిపిల్లల్ని ఎత్తుకునే పని ఆ రెండు రోజులూ మీరే చూసుకోండి. అమ్మమ్మకి, నానమ్మకి వంటింటి నుంచి కూడా సెలవు ఇవ్వండి.

ఫార్మసీకి వెళ్లేటప్పుడు ఇండియా మందుల జాబితా తీసుకెళ్లాలి, బ్రాండు పేర్లు కాదు, మందు అసలు పేర్లు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు తప్పనిసరిగా చెప్పాలి. మన దగ్గర వాడే ఎసినోకుమరాల్ అమెరికాలో వాడుకలో లేదు. పేరు చెబితే ఫార్మసిస్టుకి వెంటనే అర్థం కాకపోవచ్చు, ‘వార్ఫరిన్ లాంటిది’ అని వివరించండి. ఇలాంటివారికి సన్న సూదితో వేసి, ఆ చోట రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. ఇంటికొచ్చాక అమృతాంజనం రాసి మర్దనా చేసే ఉత్సాహం వద్దు. చల్లని తడిగుడ్డ వేయండి. చెయ్యిని కదపకుండా దాచుకోవద్దు, మెల్లగా ఆడిస్తుంటే త్వరగా సర్దుకుంటుంది.

జ్వరం మాత్ర దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో, క్రోసిన్‌లో ఉండేది పారాసిటమాల్. ఇక్కడి టైలెనాల్‌లో ఉండేది ఎసిటమినోఫెన్. రెండూ ఒకటే! జలుబుకి తాగే నైక్విల్‌లో కూడా అదే ఉంటుంది. నాన్న తన పెట్టెలోంచి ఒకటి, కొడుకు ఇచ్చింది ఒకటి, కోడలు పోసింది ఒకటి తీసుకుంటే మోతాదు మూడింతలై కాలేయం మీద పడుతుంది. ఏదో ఒకటే వాడాలి. రోజంతటికి ఎన్ని వాడొచ్చో డాక్టరునో, ఫార్మసిస్టునో అడగాలి. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ కూడా ఉంటుంది. కిడ్నీ జబ్బు, బీపీ, గుండె జబ్బు, రక్తం పలచబరిచే మందులు ఉన్నవారు డాక్టరు చెప్పకుండా దాన్ని ముట్టుకోకూడదు.

‘పత్యం ఏమన్నా ఉందా?’ అని అడుగుతారు. ఏమీ లేదు. చారన్నం, పెరుగన్నం, ఇడ్లీ, ఏది సయిస్తే అది తినొచ్చు. నీళ్లు బాగా తాగాలి. షుగరు ఉన్నవారు మాత్రం జాగ్రత్త. జ్వరం వస్తే చక్కెర పెరగొచ్చు. తిండి సయించక మానేసి, ఇన్సులినో గ్లిమెపిరైడో ఎప్పటిలాగే తీసుకుంటే పడిపోవచ్చు. ఆ రెండు రోజులు ఇంట్లో ఉన్న మీటరుతో ఇంకో రెండుసార్లు చూడండి. తేడా ఉంటే డాక్టరుకి ఫోన్ చేయండి. ఒంట్లో నీరసం ఉన్న రాత్రి బాత్‌రూమ్‌కి లేచి తూలి పడే ప్రమాదమూ ఉంది. మెట్ల దగ్గర, బాత్‌రూమ్ దగ్గర లైటు వెలుగుతూ ఉండనివ్వండి.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

• ఊపిరి ఆడకపోవడం, ముఖం లేదా గొంతు వాపు, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం: వెంటనే 911.

• మాట తడబడటం, మనిషి అయోమయంగా ఉండటం: ఇది కూడా 911. ‘టీకా మత్తు’ అనుకోవద్దు. అలాంటిదేమీ లేదు.

• కాళ్లలో మొదలై పైకి పాకే తిమ్మిరి, బలహీనత: టీకా వేసి కొన్ని వారాలైనా సరే, అదే రోజు డాక్టరు చూడాలి.

• మూడు రోజులు దాటినా తగ్గని జ్వరం, లేదా తగ్గి మళ్లీ తిరగబెట్టిన జ్వరం: ఇది టీకాది కాకపోవచ్చు. ఫ్లూ, కొవిడ్, న్యుమోనియా, ఏదైనా కావచ్చు. ఫ్లూ అయితే టామిఫ్లూ లాంటి మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితే ఎక్కువ ఉపయోగం.

• వారం దాటినా చెయ్యి పైకి లేవకపోవడం: భుజాన్ని చూపించాలి.

ఖర్చు ఎవరిది, ఫిర్యాదు ఎక్కడ?

మెడికేర్ పార్ట్ బి ఉన్న పెద్దలకు సీజనుకో ఫ్లూ టీకా ఉచితం. విజిటర్ వీసా మీద వచ్చినవారికి ఆ వెసులుబాటు లేదు. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు టీకా ఖర్చు ఇవ్వవు. చేతి నుంచే పెట్టుకోవాలి. హైడోస్ ధర మామూలు టీకా కన్నా ఎక్కువ. రెండు మూడు ఫార్మసీలకు ఫోన్ చేసి ధర కనుక్కుని వెళ్లండి. కొన్ని కౌంటీల ఆరోగ్య శాఖలు తక్కువ ధరకో, ఉచితంగానో వేస్తాయి, అడిగి చూడండి.

నిజంగా టీకా వల్ల హాని జరిగిందనుకుంటే చెప్పుకోవడానికి ఈ దేశంలో చోటు ఉంది. 1990 నుంచి ‘వేయర్స్’ అనే వ్యవస్థ నడుస్తోంది. డాక్టరే కాదు, మనమూ అందులో నమోదు చేయొచ్చు. నమోదైనంత మాత్రాన టీకాయే కారణమని తేలినట్టు కాదు. కానీ అలాంటి కబుర్లన్నీ ఒకచోట చేరితేనే కొత్త ప్రమాదం ఉంటే కనిపెట్టగలుగుతారు. నష్టపరిహారానికి వేరే కార్యక్రమం ఉంది. 1986 చట్టంతో వచ్చిన దాన్లోకి ఫ్లూ టీకాను 2005లో చేర్చారు. ఒక్కో ఫ్లూ డోసు మీద వసూలు చేసే 75 సెంట్ల పన్నుతో ఆ నిధి నడుస్తుంది. సూది తప్పు చోట పడి భుజం దెబ్బతినడాన్ని 2017లో ఆ జాబితాలో చేర్చారు. సాధారణంగా బాధ ఆరు నెలలు దాటి ఉండాలి, లక్షణాలు మొదలైన మూడేళ్ల లోపు దరఖాస్తు పెట్టాలి. అందుకని టీకా వేసిన తేదీ, టీకా పేరు, లాట్ నంబరు ఉన్న కాగితాన్ని పారేయకుండా పాస్‌పోర్టుతో పాటు దాచండి. ఊరికి తిరిగి వెళ్లాక అక్కడి డాక్టరుకీ అది పనికొస్తుంది.

టీకా వేయించుకోవాలా వద్దా అన్నది చివరికి పెద్దవాళ్ల ఇష్టమే, వాళ్ల డాక్టరు సలహాతో. బతిమాలి, బెదిరించి వేయిస్తే ఒక ఏడాదితో సరి. నొప్పి వస్తుందని ముందే చెప్పి, వచ్చిన నొప్పిని నమ్మి, ఆ రెండు రోజులూ పక్కన కూర్చుంటే వచ్చే ఏడాది వాళ్లే అడుగుతారు. ఈ వారాంతం అమ్మానాన్నలను ఫార్మసీకి తీసుకెళుతుంటే, ఆదివారం సాయంత్రానికి మీ పనులేమీ పెట్టుకోకండి. ‘బానే ఉంది’ అన్న మాట నిజమో కాదో చూసుకోవాల్సింది అప్పుడే.